లౌడన్ కౌంటీకి కొత్తగా వచ్చారా? ఏ పనికి ఎవరి తలుపు తట్టాలో ముందు చూసుకోండి

న్యూజెర్సీలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి వర్జీనియాకు వచ్చిన కొత్తలో మా కారు పన్ను ఏ కౌంటీకి కట్టాలో మాకు తెలియలేదు. రూట్ 50 పక్కన కొత్త కాలనీలో టౌన్‌హోమ్ తీసుకున్నాం. ఉత్తరాల మీద ఊరి పేరు చాంటిలీ అని ఉంటుంది. చాంటిలీ అంటే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీయే కదా అనుకుని ఊరుకున్నాం. ఒకరోజు పాట్‌లక్‌లో (తలా ఒక వంట తెచ్చుకునే విందులో) మాటల మధ్య ఈ సంగతి వస్తే పక్కవీధి తమ్ముడు నవ్వేశాడు. "ఇంకెక్కడి ఫెయిర్‌ఫాక్స్ అన్నా, నువ్వుండేది లౌడన్‌లో!" అప్పటికే గడువు దాటింది. పెనాల్టీ కట్టాం. తప్పు మాదే.

ఇప్పుడు ఆస్టిన్ నుంచో, ఎడిసన్ నుంచో, నేరుగా హైదరాబాద్ నుంచో ఇటు వచ్చేవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఇలాంటివే. చెత్త ఎవరు తీసుకెళ్తారు? మంచు ఎవరు తీస్తారు? పిల్లాడిని ఏ బడిలో వేయాలి? ఒక్కో పనికి ఒక్కో తలుపు ఉంటుంది. ఏది ఎక్కడుందో తెలియకపోతే మొదటి ఏడాది తిరగడమే సరిపోతుంది.

ముందుగా: కౌంటీ అంటే ఏమిటి

మన జిల్లాతో పోల్చుకుంటే సగం అర్థమవుతుంది, సగం తికమక అవుతుంది. ఇక్కడ కలెక్టర్ ఉండడు. పాలన అంతా ప్రజలు ఎన్నుకున్న బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ చేతిలో ఉంటుంది. కౌంటీ మొత్తం ఓట్లేసి ఎన్నుకునే చైర్ ఒకరు, ఎనిమిది డిస్ట్రిక్టులకు ఎనిమిది మంది, మొత్తం తొమ్మిది మంది. జిల్లా పరిషత్‌కు కలెక్టర్ అధికారాలు కూడా ఇచ్చేసినట్టు అనుకోండి. రోజువారీ పనులు చూడటానికి బోర్డు ఒక కౌంటీ అడ్మినిస్ట్రేటర్‌ను నియమించుకుంటుంది.

యాష్‌బర్న్, స్టెర్లింగ్, బ్రాంబుల్టన్, సౌత్ రైడింగ్, స్టోన్ రిడ్జ్: మనవాళ్లు ఎక్కువగా ఉండేవి ఇవే. వీటిలో ఏదీ చట్టం లెక్కలో ఊరు కాదు. మేయర్ ఉండడు, మున్సిపాలిటీ ఉండదు. లౌడన్‌లో టౌన్ హోదా ఉన్నవి ఏడే: లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, మిడిల్‌బర్గ్, హామిల్టన్, లవెట్స్‌విల్, రౌండ్ హిల్, హిల్స్‌బరో. కౌంటీ కేంద్రం లీస్‌బర్గ్. అక్కడ ఇల్లు తీసుకుంటే టౌన్ పన్ను, టౌన్ నీళ్లు, టౌన్ పోలీసు అదనం. మిగతా చోట్ల అన్నిటికీ కౌంటీయే దిక్కు. పోలీసు పని కూడా ఎన్నికైన షెరిఫ్ చూస్తారు.

పోస్టల్ అడ్రస్‌లోని ఊరి పేరును నమ్మకండి. అది తపాలా శాఖ సౌకర్యం కోసం పెట్టుకున్న పేరు. చాంటిలీ అనే పేరుతోనే 20151 పిన్ ఫెయిర్‌ఫాక్స్ వైపు ఉంది, 20152 ఎక్కువగా లౌడన్ వైపు ఉంది. కౌంటీ మ్యాపింగ్ సైట్ వెబ్‌లోజిస్‌లో మీ అడ్రస్ కొట్టి చూడండి. ఏ కౌంటీ, ఏ ఎన్నికల డిస్ట్రిక్ట్, ఏ జోనింగ్ (ఆ స్థలంలో ఏం కట్టొచ్చన్న నియమం) అన్నీ అందులోనే తెలుస్తాయి.

1990 జనాభా లెక్కల్లో లౌడన్‌లో ఉన్నది 86,129 మంది. 2020లో 4,20,959. ముప్పై ఏళ్లలో దాదాపు అయిదు రెట్లు. ఇక్కడ కనిపించే చిక్కులు చాలావరకు ఈ పెరుగుదల వల్ల వచ్చినవే: బడుల సరిహద్దులు మారిపోవడం, రోడ్లు ఎప్పుడు చూసినా తవ్వి ఉండటం, పొలం అనుకున్న చోట ఆరు నెలల్లో గోడలు లేవడం.

సంతకం పెట్టే ముందు

ఇల్లు కొన్నా, అద్దెకు తీసుకున్నా, రియల్టర్ చెప్పని సంగతులు కొన్ని మీరే చూసుకోవాలి.

మొదటిది బడి. ఫలానా బడి బాగుందని పక్కనే ఇల్లు తీసుకుంటే ఆ బడే వస్తుందన్న హామీ లేదు. ఇంటికి ఎదురుగా కనిపించే బడి మీది కాకపోవచ్చు. లౌడన్ కౌంటీ పబ్లిక్ స్కూల్స్ సైట్‌లో అడ్రస్ ఇస్తే ప్రాథమిక, మిడిల్, హైస్కూల్ మూడూ చూపిస్తుంది. దగ్గర్లో కొత్త బడి కడుతున్నారంటే సరిహద్దులు మళ్లీ గీస్తారని అర్థం. అదీ కనుక్కోండి.

రెండోది శబ్దం. డలస్ విమానాశ్రయంలో చాలా భాగం ఈ కౌంటీలోనే ఉంది. విమానాల శబ్దం ఏ ప్రాంతంలో ఎంత ఉంటుందో చూపే పటాన్ని కౌంటీ తన మ్యాపుల్లో పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం ఓపెన్ హౌస్‌కు వెళ్లినప్పుడు నిశ్శబ్దంగా అనిపించిన ఇల్లు, గాలి దిశ మారిన సాయంత్రం వేరేలా ఉంటుంది. ఒక వారపు రోజు సాయంత్రం వెళ్లి, ఇంటి ముందు ఓ ఇరవై నిమిషాలు కారులో కూర్చోండి.

మూడోది డేటా సెంటర్లు. యాష్‌బర్న్ చుట్టుపక్కల కిటికీల్లేని పెద్ద పెద్ద పెట్టెల్లాంటి భవనాలు కనిపిస్తాయి. డేటా సెంటర్లు ఇంత దట్టంగా ఉన్న చోటు ప్రపంచంలో మరొకటి లేదని చెబుతారు. వాటిలోని కంప్యూటర్ సామగ్రి మీద వచ్చే పన్ను కౌంటీ ఖజానాకు పెద్ద ఆధారం. మన ఇంటి పన్ను రేటు కాస్త అదుపులో ఉండటానికి అదీ ఒక కారణమే. దానికి బదులుగా ఫ్యాన్ల హోరు, జనరేటర్లు, హైటెన్షన్ లైన్లు భరించాలి. ఇంటి వెనక చెట్లున్న ఖాళీ స్థలం చూసి మురిసిపోయే ముందు దాని జోనింగ్ చూడండి. "అది ఎప్పటికీ అలాగే ఉంటుంది" అని అమ్మేవాళ్లు నోటితో చెప్పే మాటకు విలువ లేదు.

నాలుగోది బేస్‌మెంట్. మనవాళ్లకు పూర్తయిన బేస్‌మెంట్ అంటే ప్రాణం. అమ్మానాన్నలు వస్తే ఉండటానికి, పిల్లల పుట్టినరోజులకు, వినాయక చవితికి. పాత ఓనర్ ఆ పని కౌంటీ పర్మిట్‌తో చేశారా లేదా అన్నది కౌంటీ రికార్డుల్లో తెలుస్తుంది. పర్మిట్ లేకపోతే తర్వాత మీరు అమ్మేటప్పుడు ఆ తలనొప్పి మీకు చుట్టుకుంటుంది. పడకగది అని చెప్పే గదికి, మంటలు వస్తే మనిషి బయటపడగలిగేంత కిటికీ ఉండాలి. లేకపోతే దాన్ని బెడ్‌రూమ్ అనకూడదు, ముసలివాళ్లను అందులో పడుకోబెట్టకూడదు.

దానితోపాటు రేడాన్ పరీక్ష. నేల నుంచి వచ్చే ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. పర్యావరణ సంస్థ ఈపీఏ పటంలో లౌడన్ ఎక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉంది. లీటరు గాలికి నాలుగు పీకోక్యూరీలు, అంతకు మించి వస్తే ఫ్యాన్, పైపు పెట్టి బయటికి పంపించాలి. ఇంటి ఇన్‌స్పెక్షన్‌తో పాటే చేయించుకుంటే ఆ ఖర్చు అమ్మేవాళ్లతో మాట్లాడుకోవచ్చు.

చివరిది హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, కాగితాలు. దాని గురించి కింద వేరేగా చెబుతాను, ఎందుకంటే అది చిన్న విషయం కాదు. కొనేటప్పుడు రీసేల్ సర్టిఫికెట్ అనే కట్ట ఇస్తారు. అది చేతికందాక ఒప్పందం రద్దు చేసుకునే హక్కు కొద్ది రోజులే ఉంటుంది. మనలో చాలామంది ఆ కట్టను మెయిల్‌లో తెరవకుండానే వదిలేస్తారు. కనీసం నెలవారీ రుసుము, పార్కింగ్ నియమాలు, రిజర్వ్ నిధి ఎంతుంది అన్న మూడు చోట్లయినా చదవండి.

మొదటి పది రోజులు

వీసా మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అడ్రస్ మారిన పది రోజుల్లో ఇమిగ్రేషన్ శాఖకు ఏఆర్-11 అనే అడ్రస్ మార్పు ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. కుటుంబంలో ప్రతి ఒక్కరికీ. ఆఫీసు లాయర్ చేస్తాడులే అనుకోకండి. అయిదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.

కరెంటు మీ ఇంటిని బట్టి డొమినియన్ ఎనర్జీ లేదా నోవెక్. ఈ రెండింటిలో ఎంచుకునే వీలు లేదు, ఏ ప్రాంతానికి ఏదో ముందే నిర్ణయమై ఉంటుంది. తూర్పు వైపు కాలనీల్లో నీళ్లు, మురుగు లౌడన్ వాటర్ చూస్తుంది. అది కౌంటీ ప్రభుత్వంలో భాగం కాదు, వేరే సంస్థ, కాబట్టి ఖాతా వేరేగా తెరవాలి. పడమర వైపు ఎకరాల్లో ఇల్లు తీసుకున్నవాళ్లకు సొంత బావి, సెప్టిక్ ట్యాంకు ఉంటాయి. వాటి పరీక్ష నివేదికలు అడిగి తీసుకోండి.

చెత్త సంగతి కొత్తవాళ్లను బాగా ఆశ్చర్యపరుస్తుంది. ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్లే బండి కౌంటీకి లేదు. హెచ్‌ఓఏ ఉన్నచోట అదే ఒక ప్రైవేటు కంపెనీతో మాట్లాడుకుంటుంది, ఖర్చు మీ నెలవారీ రుసుములో కలిసి ఉంటుంది. హెచ్‌ఓఏ లేకపోతే మీరే కంపెనీని పెట్టుకోవాలి. పాత సోఫా, పెయింటు డబ్బాలు, ఇల్లు మారినప్పుడు మిగిలిన అట్టపెట్టెలు లాంటివి లీస్‌బర్గ్ దగ్గర కౌంటీ ల్యాండ్‌ఫిల్‌కు, రీసైక్లింగ్ కేంద్రాలకు తీసుకెళ్లొచ్చు. ఏ వస్తువు ఏ రోజు తీసుకుంటారో చూసుకుని వెళ్లండి.

కారు: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

మూడు వేర్వేరు పనులున్నాయి. ఒకటి చేస్తే మిగతావి అయిపోయినట్టు కాదు.

రాష్ట్రానికి వచ్చిన 30 రోజుల్లో కారును వర్జీనియా డీఎంవీలో (మన ఆర్టీఓ లాంటి ఆఫీసు) రిజిస్టర్ చేయాలి. 60 రోజుల్లో లైసెన్సు మార్చుకోవాలి. డీఎంవీ ఆఫీసులు స్టెర్లింగ్‌లో, లీస్‌బర్గ్‌లో ఉన్నాయి. ముందే అపాయింట్‌మెంట్ తీసుకుంటే సగం రోజు మిగులుతుంది. వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-797 (వీసా దరఖాస్తు ఆమోదపత్రం), అడ్రస్ రుజువులు అన్నీ అసలువి పట్టుకెళ్లాలి. లైసెన్సు గడువు మీ ఐ-94 గడువుతోనే ముగుస్తుంది. ఎక్స్‌టెన్షన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ వెళ్లక తప్పదు.

రిజిస్ట్రేషన్ ఫారంలో కారు ఏ కౌంటీలో ఉంచుతారు అని అడుగుతుంది. మేము తప్పు చేసింది ఇక్కడే. పోస్టల్ ఊరు చూసి రాయకండి, అసలు కౌంటీ రాయండి.

రెండోది తనిఖీలు. వర్జీనియాలో ప్రతి కారుకూ ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. అద్దం మీద స్టిక్కర్ అతికిస్తారు. ఉత్తర వర్జీనియా కౌంటీల్లో రెండేళ్లకోసారి పొగ పరీక్ష కూడా ఉంటుంది. ముందు వైపూ నంబర్ ప్లేటు తప్పనిసరి. ముందు ప్లేటు అడగని రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు బంపర్‌కు రంధ్రాలు వేయించుకోవాల్సి వస్తుంది.

మూడోది కౌంటీ పన్ను. కారు విలువ మీద ఏటా కట్టే పన్ను ఇది. టెక్సస్, న్యూజెర్సీ నుంచి వచ్చినవాళ్లు నమ్మరు. 2024లో లౌడన్ రేటు 100 డాలర్ల విలువకు 4.15 డాలర్లు. ముప్పై వేల డాలర్ల కారుకు లెక్క వేస్తే 1,245. సొంత వాడకానికి పెట్టుకున్న కారైతే విలువలో మొదటి ఇరవై వేల మీద రాష్ట్రం ఇచ్చే రాయితీ కొంత తగ్గిస్తుంది. రేటు బోర్డు ఏటా తేలుస్తుంది కాబట్టి ఈ ఏటి రేటు చూసుకోండి. కారును లెక్కలో రాసుకునేది కమిషనర్ ఆఫ్ ది రెవెన్యూ. డబ్బు తీసుకునేది ట్రెజరర్. ఇద్దరూ వేర్వేరుగా ఎన్నికైనవాళ్లు, వేర్వేరు ఆఫీసులు. విలువ తప్పనిపిస్తే మొదటి ఆఫీసుకు, చెల్లింపు సమస్య అయితే రెండో ఆఫీసుకు వెళ్లాలి. వచ్చిన 60 రోజుల్లో కమిషనర్ దగ్గర కారును నమోదు చేయండి. ఏడాది మధ్యలో వచ్చినా, కారు అమ్మేసినా ఉన్న నెలలకే లెక్కకడతారు. అయితే అమ్మేసిన సంగతి మీరు చెప్పాలి.

డ్రైవింగ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. వేగ పరిమితి కన్నా 20 మైళ్లు, అంతకు మించి ఎక్కువ వేగంతో వెళ్లినా, పరిమితి ఎంతున్నా 85 దాటినా వర్జీనియాలో అది రెక్లెస్ డ్రైవింగ్ కిందికి వస్తుంది. అది మామూలు టికెట్ కాదు, క్రిమినల్ కేసు. 35 ఉన్న రోడ్డు మీద 55లో వెళ్తే చాలు. కోర్టుకు వెళ్లాలి, వీసా ఫారాల్లో అడిగినప్పుడు రాయాలి. టికెట్ వచ్చింది కదా అని ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేసి మర్చిపోదామనుకోకండి, ట్రాఫిక్ లాయర్‌తో మాట్లాడండి. పిల్లల కోసం ఆగి ఉన్న పసుపు స్కూల్ బస్సును దాటినా ఇదే. పోలీసుల వేగ రాడార్‌ను పసిగట్టే రాడార్ డిటెక్టర్ వాడటం నిషేధం. 2021 జనవరి నుంచి ఫోన్ చేత్తో పట్టుకుని నడపడమూ నిషేధం.

ఆఫీసుకు వెళ్లడం

డలస్ వైపు రోడ్లు మూడు రకాలు. లీస్‌బర్గ్ నుంచి విమానాశ్రయం దాకా గ్రీన్‌వే, అది ప్రైవేటు టోల్ రోడ్డు. రద్దీ వేళ ఒకవైపుకే అయిదు డాలర్లు దాటుతుంది. దాని తర్వాత డలస్ టోల్ రోడ్డు, అక్కడ వేరే టోల్. ఈ టోల్ రోడ్డుకు మధ్యలో, టోల్ లేకుండా ఖాళీగా హాయిగా కనిపించే దారే డలస్ యాక్సెస్ రోడ్డు. అది విమానాశ్రయం పని ఉన్నవాళ్లకే. ఎయిర్‌పోర్టు దాకా వెళ్లి, ఒక చుట్టు తిరిగి వెనక్కి వస్తే ఉచితం కదా అన్న తెలివి మీకంటే ముందు చాలామందికి వచ్చింది. దానికీ టికెట్ ఇస్తారు.

నెలకు ఎన్ని రోజులు ఆఫీసుకు వెళ్లాలో లెక్కేసి, టోల్ ఖర్చును ఇంటి వాయిదాతో కలిపి చూసుకోండి. పడమరకు వెళ్లేకొద్దీ ఇంటి ధర తగ్గినట్టు కనిపించినా, టోల్ దాన్ని తినేస్తుంది.

మెట్రో సిల్వర్ లైన్ 2022 నవంబర్ 15న యాష్‌బర్న్ దాకా వచ్చింది. యాష్‌బర్న్, లౌడన్ గేట్‌వే స్టేషన్లలో కారు పెట్టుకోవచ్చు. వాషింగ్టన్ నడిబొడ్డుకు రైల్లోనే గంట అటూ ఇటూ పడుతుంది. కౌంటీ బస్సులు కూడా ఉన్నాయి. ఐ-66 హైవే వాడేవాళ్లు ఈజీపాస్ ఫ్లెక్స్ (కారులో పెట్టుకునే టోల్ పరికరం) తీసుకోండి. ముగ్గురు కలిసి వెళ్తూ దాని మీటను హెచ్‌ఓవీ (ఎక్కువమంది ఉన్న కారు) వైపు పెడితే ఎక్స్‌ప్రెస్ లేన్లలో టోల్ పడదు. ఇద్దరైతే పడుతుంది.

బడి

సెప్టెంబర్ 30 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్‌లో చేర్చొచ్చు. పుట్టిన తేదీ పత్రం, లీజు లేదా ఇంటి దస్తావేజు, టీకాల పట్టిక, డాక్టర్ చేసిన ఆరోగ్య పరీక్ష ఫారం కావాలి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు టీకాల పుస్తకం మర్చిపోకండి. చేత్తో రాసిన తేదీలు చదవలేకపోతే కొన్ని టీకాలు మళ్లీ వేయాల్సి వస్తుంది. వచ్చే ముందే మీ డాక్టర్‌తో ఇంగ్లీషులో టైప్ చేయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. బంధువుల ఇంట్లో దిగి బడిలో చేర్చాలంటే ఆ ఇంటివాళ్లు కూడా నివాస పత్రం మీద సంతకం చేయాలి.

ఇక్కడ బడి వేళలు తలకిందులు. చిన్నపిల్లల బడి పొద్దున ఎనిమిది లోపే మొదలై మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో అయిపోతుంది. హైస్కూల్ పిల్లలు తొమ్మిది దాటాక వెళ్తారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తుంటే ఆ రెండున్నర నుంచి ఆరు వరకూ ఎవరు చూస్తారన్నదే మొదటి ప్రశ్న. బడి అయ్యాక పిల్లలను చూసుకోడానికి కౌంటీ పార్కుల శాఖ బడుల్లోనే నడిపే కాసా కార్యక్రమం ఉంది. సీట్లు తక్కువ. ఇల్లు సర్దుకున్నాక చూద్దామనుకుంటే దొరకదు, లీజు చేతికొచ్చిన వారమే అడగండి.

పెద్ద పిల్లలున్నవాళ్ల మాటల్లో, పిల్లలను ఎంపిక చేసి చేర్చుకునే సైన్స్, లెక్కల బడుల పేర్లు రెండు తరచూ వినిపిస్తాయి: లీస్‌బర్గ్‌లోని అకాడమీస్ ఆఫ్ లౌడన్, ఫెయిర్‌ఫాక్స్‌లోని థామస్ జెఫర్సన్ హైస్కూల్. రెండింటికీ లౌడన్ పిల్లలు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆరో తరగతి నుంచే కోచింగ్‌లో పెట్టాలని మీకు ఎవరో ఒకరు చెబుతారు. నా మాట అడిగితే, ఆ పిల్లకు లెక్కలంటే ఇష్టముందో లేదో ముందు చూడండి. మామూలు హైస్కూళ్లు కూడా ఇక్కడ బాగుంటాయి.

హెచ్‌ఓఏతో బతకడం

హెచ్‌ఓఏ ప్రభుత్వం కాదు. ఇల్లు కొన్నప్పుడు మీరు ఒప్పుకున్న ఒప్పందం అది. అందుకే "నా ఇల్లు నా ఇష్టం" అనే వాదన అక్కడ నిలవదు. కంచె, డెక్, తలుపు రంగు, సోలార్ పలకలు ఏది మార్చాలన్నా ముందు వాళ్ల కమిటీకి దరఖాస్తు పెట్టాలి. డెక్, బేస్‌మెంట్ లాంటి వాటికి కౌంటీ పర్మిట్ వేరేగా కావాలి. ఒకటి వస్తే రెండోది వచ్చినట్టు కాదు. హెచ్‌ఓఏ ఒప్పుకున్న డెక్‌ను కౌంటీ ఆపొచ్చు, కౌంటీ ఒప్పుకున్న డెక్‌ను హెచ్‌ఓఏ పీకించొచ్చు.

మాకు మొదటి ఉత్తరం వచ్చింది చెత్త డబ్బాల గురించి. రెండోది డెక్ మీద ఆరేసిన పట్టుచీర గురించి. మా అత్తయ్య నొచ్చుకున్నారు, "ఎండ ఉన్నది బట్టలు ఆరేసుకోడానికి కాకపోతే ఎందుకమ్మా" అని. సమాధానం చెప్పలేకపోయాం. చీరను మడత స్టాండు మీద లోపలి వైపు కిటికీ దగ్గరికి మార్చాం. ముగ్గు, గుమ్మానికి తోరణం గురించి మాకెప్పుడూ ఉత్తరం రాలేదు. దీపావళి టపాసులు మాత్రం వేరే సంగతి. పైకి ఎగిరేవీ పేలేవీ వర్జీనియాలో చట్టవిరుద్ధం. అది హెచ్‌ఓఏ పరిధి దాటిన వ్యవహారం.

ఉత్తరం వస్తే కోపంతో జవాబు రాయకండి. గడువులోపు సరిచేసి ఫొటో పంపితే అక్కడితో ముగుస్తుంది. నియమం మరీ అన్యాయమనిపిస్తే వార్షిక సమావేశానికి వెళ్లండి. కుర్చీలు ఖాళీగా ఉంటాయి, బోర్డులో చేరతామంటే వద్దనేవాళ్లు అరుదు.

మంచు

మిగతా అమెరికాలో ఎలా ఉన్నా, వర్జీనియాలో కౌంటీ రోడ్లను చాలావరకు రాష్ట్రమే చూస్తుంది. 1932లో వచ్చిన చట్టం అది. కాబట్టి గుంత పడినా, మంచు పేరుకున్నా కౌంటీకి కాదు, రాష్ట్ర రవాణా శాఖ వీడాట్‌కు చెప్పాలి. అయితే టౌన్‌హోమ్ కాలనీల్లో లోపలి వీధులు చాలావరకు ప్రైవేటువి, వాటిని హెచ్‌ఓఏ శుభ్రం చేయిస్తుంది. మీ డ్రైవ్‌వే శుభ్రం చేసుకోవాల్సింది మాత్రం మీరే.

ముందు పెద్ద రోడ్లు, తర్వాత కాలనీ వీధులు. పెద్ద తుఫాను అయితే మీ వీధికి మంచు తోసే నాగలి బండి రావడానికి రెండు మూడు రోజులు పట్టొచ్చు. పార, ఉప్పు నవంబర్‌లోనే కొనండి. మంచు పడుతుందన్న వార్త వచ్చిన సాయంత్రానికి దుకాణంలో పాలు, బ్రెడ్, పారలు ఒకేసారి మాయమవుతాయి. డ్రైవ్‌వే చివర తవ్విన మంచును రోడ్డు మీదికి కాకుండా, రోడ్డుకు ఎదురుగా నిలబడి చూస్తే కుడి వైపుకు వేయండి. నాగలి బండి మీ ఎడమ నుంచి వస్తుంది కాబట్టి మళ్లీ మీ దారిలోకే తోయకుండా ఉంటుంది.

మీ వీధిలో మంచు చుక్క లేకపోయినా బడికి సెలవు ఇచ్చేశారని విసుక్కోకండి. కౌంటీ పడమరలో వందల మైళ్ల మట్టిరోడ్లున్నాయి. అక్కడ బస్సు తిరగలేకపోతే అందరికీ సెలవే.

పెరడు, జింకలు, గోంగూర

ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలోనే గోంగూర, తోటకూర, బెండ వేయాలనిపిస్తుంది. ఏప్రిల్‌లో రెండు రోజులు ఎండ కాయగానే విత్తనాలు చల్లకండి. మే నెల మొదట్లో కూడా ఒక్కో రాత్రి నారు మాడిపోయేంత చలి పడుతుంది. మే సగం దాటాక నారు బయట పెడితే సురక్షితం. కంచె కోసమో చెట్టు కోసమో లోతుగా తవ్వాలంటే కనీసం మూడు పనిదినాల ముందు 811కు ఫోన్ చేయండి. భూమిలో గ్యాసు, కరెంటు, కేబుల్ ఎక్కడున్నాయో ఉచితంగా వచ్చి రంగు గీతలు వేస్తారు.

మీకంటే ముందు జింకలు పంట కోసుకుంటాయి. నాలుగడుగుల వల వాటికి లెక్కలేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా అవి రోడ్డు మీదికీ వస్తాయి. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉందనుకుని ఆగండి. జింకలున్నచోట పేలులాంటి చిన్న పురుగులు ఉంటాయి. వాటి వల్ల వచ్చే లైమ్ జబ్బు ఈ కౌంటీలో మామూలే. పిల్లలు గడ్డిలో, చెట్లలో ఆడుకుని వస్తే మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో చూడండి. పురుగు కనిపిస్తే సన్నటి పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిదానంగా లాగండి. చుట్టూ వలయంలా ఎర్రగా వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు చూపించండి. రాత్రి వేళ ఎమర్జెన్సీ అయితే లాన్స్‌డౌన్‌లో ఇనోవా లౌడన్, రూట్ 50 వైపు స్టోన్‌స్ప్రింగ్స్ ఆసుపత్రులున్నాయి.

గోడ మీద రాసుకోవాల్సిన తేదీలు

కారు పన్ను మే 5, అక్టోబర్ 5. ఇంటి పన్ను జూన్ 5, డిసెంబర్ 5. ఇంటి పన్ను చాలామందికి బ్యాంకే ఎస్క్రో (వాయిదాతో పాటు పన్ను కోసం తీసి ఉంచే ఖాతా) నుంచి కడుతుంది, కట్టిందో లేదో ఒకసారి చూసుకోండి. ఏటా చలికాలం చివర ఇంటి విలువ నోటీసు వస్తుంది. విలువ ఎక్కువ వేశారనిపిస్తే అప్పీలు గడువు అందులోనే ఉంటుంది. అదే పరిమాణంలో మీ వీధిలో అమ్ముడైన మూడు నాలుగు ఇళ్ల ధరలు జతచేసి పెట్టండి.

పన్ను రేట్లు, బడ్జెట్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య తేలుతాయి. పౌరసత్వం లేకపోయినా బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు, మీ సూపర్‌వైజర్‌కు మెయిల్ రాయొచ్చు. మా కాలనీ ముందు కూడలిలో సిగ్నల్ పెట్టాలని మేము రాసినప్పుడు ఆఫీసు నుంచి జవాబు వారంలో వచ్చింది. సిగ్నల్ రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఓటున్నవాళ్లకు బోర్డు ఎన్నికలు మళ్లీ 2027 నవంబర్‌లో.

లైబ్రరీ కార్డు ఉచితం, మొదటి వారమే తీసుకోండి. చలికాలపు శనివారాల్లో పిల్లలతో బయటపడటానికి అంతకన్నా మంచి చోటు లేదు. కరివేపాకు కుండీని సెప్టెంబర్ చివరికల్లా ఇంట్లోకి తెచ్చేసి, దక్షిణం కిటికీ దగ్గర పెట్టి, నీళ్లు తగ్గించండి. ఆకులు రాలిపోతే చచ్చిపోయిందని పారేయకండి, ఏప్రిల్‌లో చిగురు వేస్తుంది.